కలంతో పెంచిన తెల్ల సొర

నేనొక సొరచేపను రెండున్నర మీటర్లు పెంచాను. మేత వేసి కాదు, కలంతో. అది చచ్చిపోయి వందేళ్లు దాటాక పెంచాను కాబట్టి దానికేమీ నొప్పి కలిగి ఉండదని చాలాకాలం అనుకున్నాను.

ఈ సంగతి రాయమని మా ఆవిడ ఎప్పటి నుంచో పోరు పెడుతోంది. "ఊళ్లో వాళ్లందరికీ అబద్ధాలు చెప్పావు, ఈ ఒక్క నిజం కూడా చెప్పి చూడు. నమ్మితే నమ్ముతారు" అంది. జర్మనీలో డార్మ్‌స్టాట్‌లోనో కెమ్నిట్జ్‌లోనో చదువుకుంటూ, వీసా టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, తెల్లారి లేచి కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలూ, ఇది మీకోసమే. మీలో ఎవరికైనా రేపు ఏ ల్యాబులోనో ఒక అంకెను కాస్త అటూ ఇటూ జరపాలనిపించవచ్చు. అప్పుడు నా సొర గుర్తొస్తే చాలు.

నేను కూడా ఒకప్పుడు కెమ్నిట్జ్‌కి మెకానికల్ చదవడానికి వచ్చినవాణ్ణే. చదువు సగంలో నన్ను వదిలేసింది. నేనే దాన్ని వదిలేశానని ఇంటికి ఉత్తరం రాశాను. చేతిపని వచ్చు, నోటిపని అంతకన్నా ఎక్కువ వచ్చు. ఆ రెండూ పట్టుకుని తిరిగి తిరిగి చివరికి ఒక చిన్న మ్యూజియంలో తేలాను. కార్ల్స్‌రూహె నుంచి ట్రామ్ ఎక్కి, ద్రాక్షతోటలు కనబడగానే దిగిపోతే వచ్చే ఊరు. పూర్వం ఒక వర్తకుడు దేశాలు తిరిగి పోగుచేసిన ఎముకలు, గవ్వలు, గడ్డి కూరిన పక్షులు, సీసాల్లో పాములు అక్కడ మూడు గదుల నిండా ఉండేవి. వాటి దుమ్ము తుడవడం, విరిగిన తోకలు అతికించడం, పురుగు పట్టకుండా చూడటం నా పని. బడిపిల్లలు వస్తే వాళ్లను తిప్పి చూపించడం కూడా నాకే అంటగట్టారు. మిగతావాళ్లకి పిల్లలంటే భయం. గుడ్లగూబ కళ్లు పీకి జేబులో వేసుకునే రకాలు మరి.

నాకు పని నేర్పినాయన పాతకాలపు జర్మన్. పెద్దాయన అందాం. నాలుగు దశాబ్దాలు ఆ మూడు గదుల్లోనే గడిపాడు. ఆయన మాటలు తక్కువ, నియమాలు ఎక్కువ. అన్నిటికన్నా పెద్ద నియమం చీటీల గురించి. ప్రతి ఎముకకీ ఒక చీటీ కట్టి ఉంటుంది కదా, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎంత పొడుగు అని. ఆ చీటీలో తప్పు ఉందని తేలినా సరే, తీసెయ్యకూడదు. దాని మీదే కొత్త చీటీ కట్టాలి. పెన్సిల్‌తోనే రాయాలి, కింద నీ సంతకం పెట్టాలి. కొన్ని పుర్రెలకి అయిదేసి చీటీలు వేలాడేవి, చాకలి పద్దుల్లాగా.

"తప్పు చీటీ కూడా చీటీయే. మనుషులు ఎక్కడ పొరబడ్డారో అది చెబుతుంది. చీటీ పోతే మిగిలేది ఎముక. ఎముకలు కసాయి దుకాణంలో కూడా దొరుకుతాయి" అనేవాడు.

నేను తలూపాను. నాకు తలూపడం బాగా వచ్చు.

మూడో గదిలో అద్దాల బీరువా మధ్యన నాలుగు పొట్టి కాళ్ల నల్లటి కొయ్య దిమ్మ మీద ఒక దవడ ఉండేది. తెల్ల సొర దవడ. నోరు ఎంతగా తెరుచుకుని ఉందంటే, ఇంకా ఆశ్చర్యంలోంచి తేరుకోలేదనిపించేది. వరసల వెనక వరసలుగా పళ్లు. ముందు పన్ను ఊడితే వెనకది ముందుకు జరుగుతుంది. మన రేషన్ క్యూ కన్నా క్రమశిక్షణ. మొదటిసారి చూసినప్పుడు నాకు ఉప్పాడ దగ్గర మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయన పడవలో ఎప్పుడో ఒక సొరని లాగాడట. అది ఎంత పెద్దదంటే, ఒడ్డుకి చేర్చేసరికి సముద్రం నాలుగు అడుగులు వెనక్కి పోయిందట. మా ఇంట్లో బాలింతలకి పాలు పడతాయని పాలసొర వండి పెట్టేవాళ్లు. సొరపుట్టు, అంటే ఉడికించి పొడి చేసిన సొర, ఉల్లిపాయలు వేసి వేయిస్తే ఆ వాసనకి వీధి చివర నుంచి చుట్టాలు పుట్టుకొచ్చేవారు. అంటే నాకు సొర కొత్త కాదు. అబద్ధం అంతకన్నా కొత్త కాదు.

ఆ దవడకి ఒక చీటీ ఉండేది. గోధుమరంగు కాగితం, పాత జర్మన్ గొలుసు రాత. ఆ రాత ఈ కాలపు జర్మన్లకే అర్థం కాదు, నాకెక్కడ అర్థమవుతుంది? అంకె మాత్రం చదవగలిగాను. మూడున్నర మీటర్లు.

ఒకసారి బడిపిల్లలు వచ్చారు. అంకె చెప్పాను. ముందు వరసలో రెండు జడల పిల్ల ఆవలించి, "మా నాన్న కారు ఇంతకన్నా పొడుగు" అంది. అంతా నవ్వారు. ఆ నవ్వు నాకు కాదు, సొరకి తగిలిందనిపించింది. అలా అనుకోవడంలో ఒక సుఖం ఉంది, చేసేది దాని పరువు కోసమే అని చెప్పుకోవచ్చు.

మరుసటి వారం టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం మీద, మహా శ్రద్ధగా, నల్ల సిరాతో కొత్త చీటీ రాశాను. ఆరు మీటర్లు. ఏడు రాద్దామనుకున్నాను కానీ, మరీ అత్యాశకి పోతే పట్టుబడతామని మా మేనమామ చెప్పేవాడు. పాత రాత నాకు రాదు కాబట్టి చీటీ మీద పెద్దాయన ఎప్పుడో చెప్పిన సముద్రం పేరు, ఈ పొడుగు, అంతే రాశాను. మిగతాదంతా నోటితో. దాని కడుపులో ఓడ గంట దొరికిందనీ, అది ఈదుతుంటే నీళ్లలో గణగణ వినబడి జాలర్లు దీపాలు ఆర్పేసి పడవల్లో పడుకునేవారనీ. ఆ తర్వాత ఏటా ఆ కడుపులోకి ఒక్కో వస్తువు చేరింది. బూట్ల జత, ఒక అకార్డియన్, చివరికి పన్ను వసూలు చేసే అధికారి టోపీ. అధికారి ఏమయ్యాడని పిల్లలు అడిగితే నేను కాసేపు మౌనం పాటించేవాణ్ణి.

పదేళ్లపాటు మా మ్యూజియంలో జనం నిలబడి చూసే వస్తువు అదొక్కటే అయింది. నేను ఆ చీటీ కట్టేనాటికే పెద్దాయన రిటైరై వృద్ధాశ్రమానికి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకి ఒక స్వచ్ఛంద సేవకురాలు వచ్చి చీటీలన్నీ ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించింది. నా ఆరు మీటర్లూ ఎక్కింది. అక్కడి నుంచి ప్రపంచంలో ఎవరైనా చూడగలిగే ఒక పెద్ద జాబితాలోకి వెళ్లింది. నాకా సంగతి తెలియనే తెలియదు.

తర్వాత కరోనా వచ్చింది. మ్యూజియం మూసేశారు. మ్యూజియాన్ని నడిపే మా కురేటర్ మేడం ఇంట్లోంచి పనిచేసేది. పురుగులకి లాక్‌డౌన్ లేదు కాబట్టి నేను మాత్రం రోజూ ఖాళీ ట్రామ్‌లో, మాస్కులో నా ఊపిరి నేనే పీల్చుకుంటూ వచ్చి, మూడు గదుల్లో ఒంటరిగా దుమ్ము తుడిచేవాణ్ణి. కథ చెప్పడానికి మనిషి లేక, ఒకరోజు గడ్డి కూరిన నక్కకి చెప్పాను. అదీ నమ్మలేదు.

రెండో చలికాలంలో ఒక ఫోను వచ్చింది. డార్మ్‌స్టాట్ నుంచి మాట్లాడుతున్నానని, మాస్టర్స్ థీసిస్ కోసం మీ తెల్ల సొర దవడ కొలతలు కావాలని ఒక అమ్మాయి మర్యాదగా జర్మన్‌లో అడిగింది. నేను కూడా జర్మన్‌లోనే, ఫోను పట్టుకుని ఉండు, చూసి చెబుతాను అన్నాను. వెళ్లబోతుంటే ఆమె పక్కనున్న ఎవరితోనో అంటోంది: "హాయ్ అల్లా, ముసలాయనకి సొర అంటే ఏందో గూడ తెల్వనట్టుంది."

"ముసలాయనకి సొరపుట్టు వండటం కూడా వచ్చమ్మా" అన్నాను తెలుగులో.

అవతలి గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "సారీ అంకుల్. మీరు తెలుగా?"

అలా మొదలైంది. హైదరాబాదు పిల్ల, టోలీచౌకీ వైపు. నాన్న కళ్లద్దాల దుకాణం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, ఇక్కడ జర్మన్, కోపం వస్తే నాలుగూ. సముద్రానికి అంత దూరంలో పుట్టిన పిల్లకి సొరల పిచ్చి ఎలా పట్టిందని అడిగితే, "మాకు సముద్రం లేదనే పట్టింది అంకుల్" అంది. ఇటలీ పక్కనున్న ఆడ్రియాటిక్ తీరంలో జాలర్ల దగ్గరికి వెళ్లి పనిచేయాలని ఏర్పాట్లన్నీ చేసుకుందట. సరిహద్దులు మూసేశారు. దాంతో ప్రొఫెసర్ పనిని మార్చాడు: ఆ సముద్రంలో పూర్వం పట్టిన తెల్ల సొరల దవడలు ఏయే మ్యూజియాల్లో ఉన్నాయో వెతికి, అక్కడి వాళ్ల చేత కొలిపించి, అప్పట్లో అక్కడ ఎలాంటి సొరలు ఉండేవో, మనుషులు ఎలాంటివాటిని పట్టేవారో తేల్చమన్నాడు.

"మీదే అన్నిట్ల పెద్దది అంకుల్. ఆరు మీటర్లు! నా థీసిస్‌ల హీరోయిన్ గదే."

ఎక్కడో గణగణ వినబడింది. ఓడ గంటే అయ్యుంటుంది.

"పొడుగుతో నీకేం పని అమ్మా?" అన్నాను.

"అదే పని అంకుల్! ఆడ తెల్ల సొర తల్లి కావాలంటే ముప్ఫై ఏండ్ల దాంక పట్టొచ్చు. నాకు ఇరవై నాలుగే, మా అమ్మీ అప్పుడే షాదీ షాదీ అంటున్నది. గది అంత నిదానం. కనేది కూడా కొన్ని పిల్లల్నే. మరి పట్టినయన్నీ పెద్దయి అయితే ఒక లెక్క. పెద్దగ కాకముందే పిల్లల్ని పట్టి చంపితే ఇంకో లెక్క. తల్లులయ్యేటివే ఉండవు గద."

ఎందుకు చంపేవారని అడిగాను. సొరను చంపి తెస్తే ఆ తీరంలో ఒకప్పుడు సర్కారు బహుమానం ఇచ్చేదట. ట్యూనా కోసం వేసిన వలల్లో చిక్కుకుని కొన్ని చచ్చేవి, ఇప్పటికీ చస్తున్నాయి. అవి తినే చేపల్ని మనమే తినేస్తున్నాం. రెక్కలకి ఒక గిరాకీ, గోడకి తగిలించుకోవడానికి దవడకి ఒక గిరాకీ. ఇదంతా చెప్పి ఆ పిల్ల ఒక మాట అంది: "అన్నిటికన్న ముందు భయం అంకుల్. మనుషుల్ని మింగుతదని చెప్పిండ్రనుకో, దాన్ని చంపితే ఎవ్వరూ ఏడ్వరు."

నేను మింగించినవాటిని మనసులో లెక్కబెట్టుకున్నాను. అధికారి టోపీ దగ్గర ఆగిపోయాను.

అప్పుడే చెప్పి ఉంటే ఇది ఇంత పొడుగు కథ అయ్యేది కాదు. చెప్పలేదు. పరువు అని ఒకటి, ఉద్యోగం అని ఒకటి. పైగా ఆ పిల్ల ఫోన్‌లో "అంకుల్, అంకుల్" అంటుంటే, ఏడాదిగా నక్కతో మాట్లాడుతున్నవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

"దవడ కొలత వద్దంకుల్. ఎండబెట్టేటప్పుడు సాగదీస్తరు. దవడ అబద్ధమాడుతది, పన్ను ఆడది. పై వరసల పెద్ద పన్నుని స్కేలు పెట్టి ఫోటో తియ్యుర్రి" అంది.

బీరువా తెరిచి పన్ను పక్కన స్కేలు పెట్టి చూశాను. సుమారు మూడు సెంటీమీటర్లు. ఆరు మీటర్ల సొరకైతే అయిదు దాకా ఉండాలని ఆమే చెప్పింది.

ఇక్కడే, పిల్లలూ, నా జీవితంలో రెండో వెధవపని చేశాను. జాలర్లు చేపతో ఫోటో దిగేటప్పుడు చెయ్యి చాచి చేపను కెమెరా ముందుకు తోస్తారు, గమనించారా? బెత్తెడు చేప మూరెడు కనబడుతుంది. మా మేనమామ అలా దిగిన ఫోటో ఒకటి మా ఇంట్లో ఉండేది, చేప వెనక మనిషి సరిగ్గా కనబడడు. నేను దాన్నే తిరగేశాను. స్కేలును పన్నుకి ఆనించకుండా వెనక్కి జరిపి పెట్టి, ఫోన్ దగ్గరగా పట్టి, ఫోటో తీశాను. పన్ను పెరిగింది. నాలుగున్నర. ఫోటో చక్కగా వచ్చింది.

పంపించి, పీడ పోయిందనుకున్నాను. పదిరోజుల తర్వాత ఆమె ఫోన్ చేసింది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది.

"అంకుల్, మీ సొర మామూల్ది కాదు! పన్ను పొడుగుందిగని సన్నగుంది. చేపల్ని పట్టి తినే పిల్ల సొరలకి పళ్లు గట్ల సన్నగుంటయి. పెద్దగైనంక సీల్‌ల లాంటి వాటిని కొయ్యనీకి వెడల్పయితయి. ఈమె ఆరు మీటర్లు పెరిగి గూడ పిల్లపళ్లతోనే ఉన్నది! అంటే ఆ సముద్రంల పెద్ద సొరలు గూడ జిందగీ అంతా చేపలే తిని బతికినయేమో. నేనొక చాప్టర్ మొత్తం రాస్తున్న. ప్రొఫెసర్ గూడ మస్తు ఖుష్ అయిండు, ఆన్‌లైన్ సెమినార్ల చెప్పుమన్నడు."

పొడుగు విషయంలో అబద్ధమాడగలిగాను, పంటి ఆకారం విషయంలో ఎలా ఆడాలో నాకు తట్టలేదు. ఆ పన్ను నిజమే చెబుతోంది: నేను పిల్లని, నేను పిల్లని అని. నా చీటీ అడ్డం నిలబడి ఆ మాట వినబడకుండా చేస్తోంది. చీటీని నమ్మిన పిల్ల తన బుర్రంతా పెట్టి, లేని సొరకి ఒక జీవితం అల్లుతోంది. కథలు అల్లేవాణ్ణి నేను. తాను అల్లుతున్నదీ కథేనని ఆమెకి తెలియదు, అదే తేడా.

"అమ్మాయ్, చీటీలని మరీ అంత నమ్మకూడదేమో" అన్నాను.

"చీటీని గూడ నమ్మకపోతే ఇంక మ్యూజియం ఎందుకంకుల్?" అంది నవ్వుతూ.

చివరికి, ఫోటో చాలదు, స్వయంగా చూసి రమ్మని ప్రొఫెసర్ పంపించాడు. మ్యూజియం మూసే ఉంది కానీ కురేటర్ మేడం ఒక్క పరిశోధకురాలికి టెర్మిన్ ఇచ్చింది. సెమినార్‌కి ఇంకా ఆరు రోజులుంది. ఆ పొద్దున ట్రామ్‌లో వస్తూ ఎలా చెప్పాలో ఏడు రకాలుగా సాధన చేశాను. ఏడింట్లోనూ నేను మంచివాడిగానే తేలుతున్నాను, అదే అనుమానంగా ఉంది.

వచ్చింది. పొట్టిగా ఉంది, తలకి ఆకుపచ్చ స్కార్ఫు, ముఖానికి మాస్కు, రెండు కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ రెండూ బీరువా వైపే. సంచిలోంచి ఒక డబ్బా తీసి నా బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది, దూరం పాటిస్తూ. "డబల్ కా మీఠా అంకుల్. రూమ్మేట్ ఖరాబ్ చేసింది, అయినా తినుర్రి." తర్వాత కొలిచే పరికరం తీసింది.

"ఆగమ్మా" అన్నాను. సాధన చేసిన ఏడు రకాలూ మర్చిపోయాను. "అది ఆరు మీటర్లు కాదు. మూడున్నర. చీటీ నేను రాశాను, టీ నీళ్లలో ముంచి. స్కేలు వెనక్కి పెట్టింది కూడా నేనే."

ఆమె నా వైపు చూడలేదు. నేరుగా వెళ్లి పన్నుకి పరికరం ఆనించింది. చదివింది. మళ్లీ ఆనించింది. అలా అయిదు పళ్లు కొలిచింది. కాగితం మీద రాసుకుంటుంటే పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కింది కాగితం మీద కూడా అంకెలు పడ్డాయి.

"అంకుల్" అంది చివరికి, "మా నానీ గూడ కథలు చెప్తది. జిన్నుల కథలు. కానీ ముందుగాల్నే ఇది కథ అని చెప్పి చెప్తది."

నేను ఆమె కొలిచే చోటికి దీపం ఇంకాస్త దగ్గరగా జరిపాను.

"మీరు ఒక పిల్లని ముసల్దాన్ని చేసిండ్రు. పిల్లల్ని పట్టి చంపిండ్రా అని నేను ఏడాది నుంచి తండ్లాడుతున్న. సబూత్, సాక్ష్యం మీ బీరువాలనే ఉన్నది. దాని మీద మీరు ఆరు మీటర్లని రాసి పెట్టిండ్రు." దవడ వైపు చెయ్యి చూపించింది. "ఒక్క మనిషైనా ఇది చంపినట్టు రాసి ఉన్నదా యాడన్న? లేదు గద. మరి గంట ఎందుకు, టోపీ ఎందుకు?" గంట సంగతి మా మ్యూజియం వెబ్‌సైట్‌లో పిల్లల పేజీలో ఉంది. చదివి నవ్వుకుందట అంతకుముందు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది: "అసలు చీటీ యాడుంది? మీ మాట మీద నేనేం రాయలేను. మీ మాట ఇంకెట్ల నమ్మాలె?"

న్యాయమైన ప్రశ్న. పారేయలేదు, అది మాత్రం నాకు గట్టిగా తెలుసు. పెద్దాయన భయం అంతటిది. కానీ ఎక్కడ పెట్టాను? సొరుగులన్నీ దించాం. గవ్వల పెట్టెలు తీశాం. గుడ్లగూబను పక్కకి జరిపాం. మధ్యాహ్నం దాకా వెతికాం, ఆమె ఒక గది, నేనొక గది, మధ్యలో తలుపు తెరిచి. చీటీ లేదు. ఇక ఎలాగూ వచ్చాను కదా అని ఆమె దవడను కింది నుంచి ఫోటో తీసుకోవాలంది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని దిమ్మను ఎత్తి బల్ల మీద పెట్టాం. దిమ్మ టకటకమని ఊగింది.

"బీరువాల ఊగలే గద, గిప్పుడెందుకు ఊగుతున్నది?" అంది.

నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. మన ఇళ్లలో బల్ల కాలు ఊగితే ఏం చేస్తాం? చేతికందిన కాగితం మడిచి కాలు కింద పెడతాం. కొత్త చీటీ కట్టిన రోజు దిమ్మ ఊగింది, చేతికందిన కాగితం... బీరువాలోకి చెయ్యి పెట్టాను. దిమ్మ ఎడమ కాలు ఉన్న చోట, నాలుగు మడతలుగా, పదేళ్ల బరువుకి చపాతీలా అణిగిపోయి, గోధుమరంగు కాగితం. పదేళ్లూ ఆ సొరని నిలబెట్టింది దాని నిజం చీటీయే.

ఆమె చేతులకి తొడుగులు వేసుకుని మడతలు విప్పింది. మూడున్నర అంకె ఉంది. దాని చుట్టూ అయిదారు వరుసల గొలుసు రాత. ఆమెకీ రాదు, నాకూ రాదు.

"చదివేవాడు ఒకాయన ఉన్నాడు" అన్నాను.

వృద్ధాశ్రమం రెండు వీధుల అవతల. లోపలికి రానివ్వరు. పెద్దాయన గది కింది అంతస్తులో, కిటికీ తోటవైపు. బయట చలిలో నిలబడి ఫోన్ చేస్తే కిటికీ దగ్గరికి చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. సగమైపోయాడు మనిషి. అద్దానికి ఇటు మేము, అటు ఆయన, చెవులకి ఫోన్లు. జరిగిందంతా చెప్పాను. ఆయన ముఖంలో కోపం వస్తుందని చూశాను. ఆయన అడిగింది ఒక్కటే.

"పాత చీటీ తీసేశావా?"

"తీశాను. కానీ పారేయలేదు. కాలు కింద పెట్టాను."

"అయితే నేను నేర్పింది సగం నేర్చుకున్నావు" అన్నాడు. "చూపించు."

ఆ అమ్మాయి చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అద్దానికి ఆనించి పట్టుకుంది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, ముక్కు అద్దానికి తగిలేలా వంగి, ఒక్కో మాటా చదివాడు. ఆయన ఊపిరికి అద్దం మసకబారుతుంటే చొక్కా చేత్తో తుడుచుకుంటూ చదివాడు.

"ఆడది. చిన్న వయసు. పొడుగు మూడున్నర మీటర్లు. ట్యూనా వలలో చిక్కినది. బహుమానం చెల్లించబడినది." ఆగాడు. "కింద ఇంకో వరుస ఉంది."

"చదవండి" అన్నాను.

"కడుపు: ఖాళీ."

ఆ అమ్మాయి చీటీ పట్టుకున్న చెయ్యి దించలేదు, చలికి వేళ్లు ఎర్రబడిపోతున్నా. నేను పదేళ్లపాటు ఆ కడుపులో కుక్కినవన్నీ, గంట, బూట్లు, అకార్డియన్, టోపీ, ఆ మంచు పట్టిన గడ్డి మీద నా ఒక్కడి ముందే పోసినట్టయింది.

"కొత్త చీటీ కట్టు" అన్నాడు పెద్దాయన. "నీ దొంగ చీటీ కూడా తియ్యకు. దాని మీదే కట్టు. పెన్సిల్."

తర్వాతి సంగతులు త్వరగా చెబుతాను. కురేటర్ మేడంకి నేనే చెప్పాను. ఆవిడ అరవలేదు, జర్మన్లు అరవరు, రాస్తారు. లిఖితపూర్వకంగా ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చింది, ఇంకొకటి వస్తే ఉద్యోగం ఉండదని దాని అర్థం. ఆ జాబితాలో అంకె సరిచేయించింది. వెబ్‌సైట్‌లో గంట తీయించింది. ఆ అమ్మాయి సెమినార్ మానుకుంది, చాప్టర్ చించేసింది, గడువు పొడిగించమని అర్జీ పెట్టింది, దానికోసం వీసా ఆఫీసులో మళ్లీ టెర్మిన్ల వేట. నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు థీసిస్ పంపించింది. మా సొర అందులో హీరోయిన్ కాదు, చిన్నచిన్న సొరల పట్టికలో ఒక వరుస. ఆ పట్టిక పొడుగ్గానే ఉంది. చివర కృతజ్ఞతల పేజీలో అందరి కింద ఒక మాట: స్కేలును పంటి పక్కనే పెట్టడం నేర్చుకున్న అంకుల్‌కి. నేను ఇంతవరకూ అచ్చులోకి ఎక్కింది అంతే. డబల్ కా మీఠా మాత్రం నిజంగానే ఖరాబయింది, అది అబద్ధం కాదు.

ఆ ఏడాదే పెద్దాయన పోయాడు. ఆయనకి నేను రాసిన మూడో చీటీ ఫోటో చూపించగలిగాను, అదే కిటికీలోంచి. అక్షరాలు వంకరగా ఉన్నాయన్నాడు.

మళ్లీ బడిపిల్లలు రావడం మొదలయ్యాక కురేటర్ మేడం ఒక షరతు పెట్టింది. మూడో గదిలో నేనే చెప్పాలి, మూడు చీటీలూ చూపించాలి. మొదటి రోజు పిల్లల ముందు బీరువా పక్కన నిలబడ్డాను. చెప్పాను. ఇది పిల్ల సొర అన్నాను. ఇది నేను రాసిన అబద్ధం అన్నాను. వాళ్లు నవ్వారు, నవ్వాల్సిందే. తర్వాత పెద్దాయన చదివినట్టే, ఒక్కో మాటా ఆగి ఆగి, అడుగు చీటీ చదివి వినిపించాను.

గంట ఉన్న రోజుల్లో పిల్లలు ఎప్పుడూ ఒకటే అడిగేవారు, అది ఎంతమందిని తిన్నది అని. ఆ రోజు వెనక వరసలో మాస్కు గడ్డం కిందికి జారిన ఒక చిన్నపిల్ల చెయ్యి ఎత్తింది. దవడ వైపు కాదు, దాని వెనక ఏమీ లేని చోటు వైపు చూస్తూ అడిగింది.

"దానికి అప్పుడు ఆకలిగా ఉండిందా?"